ఎడమచేత్తో కుట్టిన రోజులు

మా నాయన చిత్తూరులో టైలరు. బజారు వీధిలో పూలంగడి పక్కన, ఒక మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయేంత అంగడి ఆయనది. దాంట్లో ఒక కుట్టు మిషను, గుడ్డ కత్తిరించే బల్ల, గోడ మేకులకు వేలాడే చొక్కాలు. బడి పిల్లల యూనిఫారాలు ఎక్కువ కుట్టేవాడు. గుండీలు దూరే కాజాలు మాత్రం ఎంత తొందరున్నా చేత్తోనే కుట్టేవాడు. "కాజా సరిగా లేకపోతే తొడుక్కున్నోడు దినమంతా గుండీ పెట్టుకుంటానే ఉంటాడు" అనేవాడు. నేను ఆయనకు ఒక్కతే బిడ్డను.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి బి.ఏ. రెండో ఏడు చదువుతా ఉన్నాను. శివరాత్రి ఇంకో వారం ఉండగా ఒక మధ్యాహ్నం మామ, అంటే మా అమ్మ తమ్ముడు, హాస్టలు గేటు కాడ నిలబడి ఉన్నాడు. ఆయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఊరికే వచ్చే మనిషి కాడు.

"మీ నాయనకు కాలూ చెయ్యీ పడిపోయినాయి పాపా" అన్నాడు. "పద, బస్సుకు టైమైతాంది."

నాయన ఆ పొద్దున యూనిఫారం చొక్కా కుడతా ఉన్నాడంట. కుడిచెయ్యి ఉన్నట్టుండి సూది కిందికి జారిపోయింది. సూది మధ్యవేల్లో దిగబడినా ఆయనకు తెలియలేదు. తెల్లగుడ్డ ఎర్రగా అయిపోవడం చూసి పూలంగడామె కేకేసింది. ఆమె వచ్చి పట్టుకునేలోగా ఆయన పక్కకు ఒరిగిపోయినాడు.

నేను ఆసుపత్రికి పోయేసరికి నోరు ఒక పక్కకు లాక్కుపోయి ఉండాది. నన్ను చూసి ఏదో చెప్పబోయినాడు. "సూడు" అన్నాడు. మళ్లీ ఇంకోటి చెప్పాలని గట్టిగా కష్టపడి మళ్లీ "సూడు" అనే అన్నాడు. తను చెప్పాలనుకున్నదీ నోట్లోంచి వచ్చిందీ ఒకటి కాదని ఆయనకు తెలుస్తా ఉండాది. కండ్లల్లో భయం కనబడింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ ఒక్క మాటే మిగిలింది. ఆకలైనా సూడు, కోపమొచ్చినా సూడు, చాలన్నా సూడే.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. "కాలు కొంచెం వస్తుంది. చెయ్యీ మాటా సంగతి చెప్పలేను. వచ్చేదేదైనా ఆర్నెల్లలో రావాల. ఆ తర్వాత కష్టం. ఎడమ చేతికి ఏదో ఒక పని పెట్టండమ్మా, ఊరికే పడుకోనియ్యొద్దు."

ఆర్నెల్లు అనే మాట నాకు ధైర్యమిచ్చింది. ఆర్నెల్లు ఇంట్లో ఉండి అమ్మకు సాయం చేసి మళ్లీ పోవచ్చు అనుకున్నాను. నా ట్రంకు పెట్టె గూడా హాస్టల్లోనే పెట్టి వచ్చినాను.

అంగడి వదిలేసి మిషనును ఇంటి పడసాలలోకి తెచ్చి నాయన మంచానికి ఎదురుగా పెట్టినాము. ఎవరెవరో వచ్చి ఏవేవో చెప్పినారు. ఎవరో పావురం నెత్తురు పూయమన్నారు. అమ్మ అదీ చేసింది. నాలుగు దినాలు ఇల్లంతా ఆ వాసనే. నేను నాయన ఒళ్లో పలక పెట్టి చేతికి బలపమిచ్చినాను. మాట రాకపోతే రాసి చూపిస్తాడని నా ఆశ. కొలతలన్నీ చీమతలకాయలంత అక్షరాలతో రాసుకునే మనిషి, నేను పెద్దగా రాసి చూపించిన "అ" వైపు ఎరగని పురుగును చూసినట్టు చూసినాడు. ఒక గీత గీసి ఆపేసినాడు. రెండో దినం పలక చూడగానే తోసేసినాడు.

చైత్రమాసంలో అనుకుంటా, ఒక దినం నేను ఆయన మంచం మీద కూర్చుని రవికెకు హుక్కు కుట్టుకుంటా ఉన్నాను. ఎడమచేత్తో నా చేతిలోని గుడ్డను లాక్కున్నాడు. సూది పొడవబోయినాడు. గుడ్డను పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు గదా, అది జారిపోతా ఉండాది. నేను ఎనిమిదో తరగతిలో చేతిరుమాలు మీద పూలు కుట్టడానికి కొనిపించుకున్న గుండ్రని చట్రం అటక మీదుండాది. అది దించి, యూనిఫారాలు కుట్టగా మిగిలిన తెల్లగుడ్డ అరచేతి పట్టంత కత్తిరించి దాంట్లో బిగించినాను. చట్రాన్ని మంచం పట్టెకు తాడేసి కట్టినాను. సూదిలో పచ్చదారం ఎక్కించి చేతికిచ్చినాను.

సాయంత్రందాకా పొడిచినాడు. నిలువుగా రెండు గీతలు, కింద ఒకటి, పైన వంకరగా ఇంకోటి.

"ఏంది నాయనా ఇది? ముంతా?"

"సూడు."

"గంటా?"

తల అడ్డంగా ఊపినాడు. గడ్డంతో కిటికీ వైపు చూపించినాడు. కిటికీలో పొద్దున తాగిన టీ గ్లాసు ఉండాది. ఏడెనిమిది వారాల తర్వాత నాయన మాకు చెప్పిన మొదటి సంగతి అది, పొద్దున టీ తాగినాను అని. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ ముక్కను ఎంతోసేపు చూసింది.

"చక్కెర ఎక్కువైంది పొద్దున. దాని గురించే అయింటుంది" అనింది. నాయన నోటి మంచి పక్క నవ్వింది.

ఆ మరుసటి దినం నించి అది నియమమైపోయింది. దినానికొక ముక్క, ముక్కకొక సంగతి. నేను పొద్దున్నే పది సూదుల్లో దారాలెక్కించి ఆయన దిండుకు గుచ్చిపెట్టేదాన్ని. దారం రీళ్ల డబ్బా మూత తీస్తే రంగు ఆయనే చూపించేవాడు. పెద్ద సంగతులేవీ ఆ గుడ్డలో ఉండవు. మా వీధి చివర సినిమా హాలు తెరిచినారు. ఊరంతా అక్కడుంటే ఆయన కుట్టింది పప్పులో వచ్చిన రాయిని. పక్కింటి మేక మా క్యాలెండరు తినేసిన దినం మేక కొమ్ములు. కొళాయిలో నీళ్లు రాని దినం బోర్లించిన బిందె. గాలికి మిద్దె మీద పడిన మునక్కాయ. చూడ్డానికొచ్చిన పూలంగడామె జడ. ఏమీ జరగని దినం గూడా ఏదో ఒకటి వెతుక్కునేవాడు. గోడ మీద ఎండ ఏడికొచ్చిందో ఒక పసుపు గీతతో కుట్టినాడు ఒకసారి.

ఆదివారం ఆదివారం ఆ వారం ముక్కలు ఏడింటినీ నేను వరసగా కలిపి, ఆ వరసను పాత వరసల పక్కనో కిందో చేర్చి కుట్టేదాన్ని. చూసినోళ్లు "బొంత బాగుండాదే" అనేవాళ్లు. అది నాయన రాసుకునే డైరీ అని నేను చెబితే నవ్వేవాళ్లు.

ఒక దినం నీలిదారంతో ఒక గీత కుట్టినాడు. గీత చివర చిన్న వంకర. నాకు అర్థం కాలేదు. "వానా? తాడా? ఏరా? పామా?" అని అడిగినాను. ప్రతిదానికీ కాదన్నాడు. సాయంత్రానికి ఇద్దరికీ విసుగొచ్చింది. ఆయన సూదిని నా మీదికి విసిరేసినాడు. నేనూ ఏడ్చి లోపలికి పోయినాను. మరుసటి దినం ఇల్లు చిమ్ముతా వంగితే నా నీలి పరికిణీ అంచు కాలికి తగులుకుంది. అంచు ఊడి దారం వేలాడతా ఉండాది. నాయన చెప్పింది అదే. బిడ్డ పరికిణీ అంచు ఊడింది, కుట్టుకోమని. నేను పోయి ఆయన పక్కన కూర్చుని ఆ అంచు కుట్టుకున్నాను. ఆయన నా కుట్టుకేసి చూస్తా, సందు ఎక్కువైన చోటల్లా వేలుపెట్టి చూపించినాడు.

ఆ రెండు మూడు నెలలే నాకు కొంచెం బాగున్నట్టు గుర్తు. కాలు కొద్దిగా వచ్చింది. కట్టె పట్టుకుని ఈడ్చుకుంటా వీధి వాకిలిదాకా నడిచేవాడు. ఎడమచేతి కుట్టు గట్టిపడింది. మాట గూడా వస్తుందనే అనుకున్నాము. అమ్మ వినాయకుడికి మొక్కుకుంది.

శ్రావణమాసంతో ఆర్నెల్లయినాయి. డాక్టరమ్మ కాడికి తీసుకుపోతే చేతిని వంచి చూసి, నాలుక చాపమని చూసి, కాగితం మీద పాత మాత్రలే రాసింది. "ఇంకెప్పుడు మాట వస్తుందమ్మా?" అని అడిగినాను. ఆమె కలం మూత పెడతా, "ఇట్ల కాపాడుకోండి" అనింది. బస్సులో వచ్చేటప్పుడు నాయన నా మొగం చూడలేదు. ఆ దినం ఆయన ఏం కుట్టినాడో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావడం లేదు.

ఆ నెలలోనే కాలేజీ నించి జాబు వచ్చింది. తిరిగి చేరేదుంటే ఫలానా తేదీలోగా రమ్మని. నేను దాన్ని చదివి బియ్యం డబ్బా కింద పెట్టినాను. అమ్మకు చెప్పలేదు. అప్పటికే అమ్మ పడసాలలో పొద్దుటి పూట ఇడ్లీలు పోసి అమ్మడం మొదలుపెట్టింది. నాయనకు నీళ్లు పోసేది, ఎత్తి కూర్చోబెట్టేది, పిండి రుబ్బేది అన్నీ ఆమే. నేను పోతే ఆమె ఒక్కతే చెయ్యలేదు. ఆ మాట నాకు నేనే చెప్పుకుంటా తిరిగినాను.

నాయన జాబును చూసి ఉన్నాడు. పోస్టుమేను ఇచ్చింది ఆయన కండ్ల ముందరే. చదవలేడు గానీ నా మొగం చదివింటాడు. రెండు దినాలకు ఎర్రదారం తీసుకుని ఒక బస్సు కుట్టినాడు. నాలుగు కిటికీలు, రెండు చక్రాలు. చూడగానే నాకు అర్థమైంది.

"ఆసుపత్రికి పోయిన బస్సా?" అన్నాను.

కాదన్నాడు. నా వైపు చూపించినాడు. తర్వాత చెయ్యి వాకిలి వైపు, దూరంగా చూపించినాడు. "సూడు, సూడు" అన్నాడు. అంత మెత్తగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"ఓ, కాణిపాకం పోదామంటావా? అమ్మ మొక్కు ఉండాది గదా. పోదాం లే నాయనా."

ఆయన నన్నే చూస్తా ఉండిపోయినాడు. నేను తల వంచుకుని సూదికి దారం ఎక్కిస్తా ఉన్నాను. అబద్ధం చెబుతా ఉన్నానని ఆయనకు తెలుసు. తెలుసని నాకు గూడా తెలుసు. మొగం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. జాబులో రాసిన తేదీ దాటిపోయింది.

అన్న మాట నిలబెట్టుకోవాల గాబట్టి చవితి తిరణాల అయిపోయి జనం పలచబడినాక ఆయన్ను కాణిపాకం తీసుకుపోయినాను. కండక్టరు ఒక చెయ్యి పట్టి ఎక్కించినాడు. గుడి లోపల నీళ్లల్లో ఉన్న స్వామిని చూపించి మనసులో ఏమి అడగాలో తెలియక ఊరికే నిలబడినాను. నాయన కండ్లు మూసుకుని ఉన్నాడు. బయట బొరుగులు కొనిచ్చినాను. నములుతా ఉంటే ఒక పక్కనించి రాలిపోతా ఉన్నాయి. తుడిచినాను.

ఆ దినమే పోవడానికి ఇంకో కారణం గూడా ఉండాది. ఇది రాయడానికి ఇప్పుడు గూడా నాకు చెయ్యి రావడం లేదు.

నాయన సాయంత్రాలు కట్టె పట్టుకుని మిషను కాడికి పోయి కూర్చునేవాడు. దారం లేకుండా, గుడ్డ లేకుండా ఎడమకాలితో తొక్కేవాడు. సూది పైకీ కిందికీ పోతా ఉంటే చూస్తా కూర్చునేవాడు. ఆ టకటకకు అమ్మ చెవులు మూసుకునేది. "నా పానం తీస్తాంది ఆ సప్పుడు" అనింది ఒక దినం మామతో. మిషను ఉన్న చోట ఇడ్లీ పొయ్యి పెట్టుకోవాల్సిన అవసరం గూడా ఉండాది. మిషను కొనేదానికి మామ ఎవరినో మాట్లాడినాడు. నాయన ఇంట్లో ఉన్నప్పుడు తీసుకుపోతే చూడలేమని, కాణిపాకం పోయే దినం పెట్టుకున్నారు. నాకు ముందే తెలుసు. నేను వద్దనలేదు.

మేము ఇంటికి వచ్చేసరికి మూడు గంటలు. మిషను లేదు. దాని కాళ్లు నాలుగూ ఆనిన చోట బండ మీద నాలుగు నల్లటి మచ్చలు. నాయన వాకిట్లోనే ఆగిపోయినాడు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసింది. ఆయన లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని ఆ మచ్చల వైపు చూసినాడు. సూడు అని గూడా అనలేదు.

మరుసటి దినం తెల్లదారం చూపించినాడు. తెల్లగుడ్డ మీద తెల్లదారం కనబడదు గదా అనుకుంటానే ఎక్కించి ఇచ్చినాను. ముక్కకు నాలుగు వైపులా సన్నంగా అంచు కుట్టినాడు. మధ్యలో ఏమీ కుట్టలేదు. సాయంత్రం చట్రం నించి ఊడదీయమని సైగ చేసినాడు. ఆ ముక్కనూ మిగిలిన ముక్కలతోపాటే ఆదివారం కలిపి కుట్టినాను.

చలికాలంలో ఒక మధ్యాహ్నం నాయన నిద్రపోతా ఉంటే అమ్మ ఆ గుడ్డనంతా చాప మీద పరిచింది. అప్పటికి అది మంచమంత అయింది. మొదటి వరస నించి వేలు పెట్టి చూస్తా వచ్చింది.

"దీంట్లో నేను యాడుండాను? సూపించు" అనింది.

"ఇదో, టీ గ్లాసు. ఇదో, నీళ్లు కాగే తప్పేల. ఇదో, ఇడ్లీ గిన్నె. ఇవన్నీ నువ్వే గదమ్మా."

"అవి గిన్నెలు. నేనడిగింది నన్ను."

"మనుషులను కుట్టడం ఆయనకు కష్టం."

"నీ పరికిణీ ఉండాది. పక్కింటి మేక ఉండాది. పూలంగడామె జడ గూడా ఉండాది" అనింది అమ్మ. గొంతు పెంచలేదు. "ముప్పొద్దులా ఎత్తి కూర్చోబెట్టేది నేను. ఒంటికీ రెంటికీ కింద పెట్టిన గిన్నె ఎత్తేది నేను. దినమంతా ఆయన కండ్ల ముందర తిరిగేది నేనే గదా."

ఆమె గుడ్డను మడిచి మంచం కింద పెట్టి పప్పు నానబోయడానికి లేచిపోయింది.

ఆ సాయంత్రం నేను నాయనతో, "అమ్మను ఒకసారి కుట్టు నాయనా" అన్నాను. మరుసటి దినం ఎర్రదారంతో మొదలుపెట్టినాడు. పొద్దు వాలేసరికి ముక్క మధ్యలో గుండ్రంగా ఎర్రటి చుక్క ఒకటి వచ్చింది. నాకు కండ్ల నీళ్లు వచ్చినాయి. వంటింట్లోకి తీసుకుపోయి అమ్మకు చూపించినాను.

"నీ బొట్టు కుట్టినాడమ్మా."

అమ్మ చేతులు తుడుచుకుని ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది గుండీ" అనింది. తిరిగి నా చేతికిచ్చేసింది.

నాయనను అడిగితే "సూడు" అన్నాడు. అది బొట్టో గుండీయో నాకు ఈ దినానికీ తెలియదు.

మరుసటేడు ఆషాఢమాసంలో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి పడిపోలేదు. పొద్దున లేచి సూది తీసుకోబోతే అందలేదు. సూది ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోటికి పోతా ఉండాది. కుడి వైపు ఏమి పెట్టినా కనబడడం లేదని రెండు దినాలకు తెలిసింది. అన్నం పళ్లెంలో సగమే తిని, సగం వదిలేసేవాడు. నేను పళ్లెం తిప్పి పెడితే ఆ సగం తినేవాడు. డాక్టరమ్మ పాత మాత్రలే మళ్లీ రాసింది.

అయినా కుట్టినాడు. గీత మొదలుపెడితే ఏడనో తేలేది. దారం కింద ఉండలు కట్టేది. ఏం కుట్టినావని అడిగితే ఆయనకే చెప్పడానికి తెలిసేది కాదు. కొన్ని ముక్కల మీద ఊరికే ముళ్లు. వేళ్లకు గుచ్చుకుని నెత్తురు మరకలు. వద్దులే నాయనా అంటే చట్రాన్ని గట్టిగా పట్టుకునేవాడు. తర్వాత ఒక వారం సూది ముట్టుకోకుండా పడుకున్నాడు.

ఆ ఆదివారం కలపడానికి ముక్కలు లేవు. వరసలో ఖాళీ పడుతుందనే బాధ నాకు. ఆ ముందు దినం మధ్యాహ్నం పెద్ద వాన పడి వీధిలో నీళ్లు పారినాయి. పెరట్లోకి పోయి ఒక ముక్క మీద నీలిదారంతో వాన కుట్టినాను. ఆయన కుట్టినట్టే వంకరగా, వెనక ముళ్లు పడేటట్టు జాగ్రత్తగా కుట్టినాను. తెచ్చి ఆయన ముందర పెట్టి, "నిన్న నువ్వు కుట్టింది, మర్చిపోయినావా?" అన్నాను. ఆయనకు గుర్తుండదు అనుకున్నాను.

తీసుకున్నాడు. కండ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. తిప్పి వెనక వైపు చూసినాడు. టైలర్లు ఎప్పుడూ వెనక వైపే చూస్తారు. ఎడమచేతి కుట్టు ఒక పక్కకు వాలుతుంది, కుడిచేతిది ఇంకో పక్కకు వాలుతుంది. ఇరవై ఏండ్లకు పైగా కుట్టిన మనిషికి అది తెలియకుండా ఉంటుందా? నా మొగంలోకి ఒకసారి చూసి, గోటితో ఒక కుట్టు పట్టుకుని పైకి లాగినాడు.

"ఒద్దు నాయనా, ఇట్లియ్యి, నేను తీసేస్తాను" అన్నాను. ఇవ్వలేదు. గోటితో, గోరు అందని చోట పళ్లతో, ఒక్కొక్క పోగూ లాగినాడు. అమ్మ అన్నం తెస్తే తినలేదు. పొద్దు వాలేసరికి వానంతా పోయింది. గుడ్డ మీద సూది పొడిచిన బెజ్జాలు మాత్రం మిగిలినాయి. దాన్ని నా వైపు నెట్టినాడు.

ఆ ముక్క నేను గుడ్డకు చేర్చినాను. దాని తర్వాత చేర్చడానికి ఇంకేమీ లేదు. పొద్దున్నే సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం మాత్రం ఇంకో నెల దాకా మానలేదు. తర్వాత అదీ మానేసినాను. చట్రం మంచం పట్టెకు ఊరికే కట్టి ఉండాది. తాడు విప్పాలని ఎవరికీ తోచలేదు.

ధనుర్మాసంలో చలికి వణుకుతా ఉంటే ఇంట్లో ఉన్న దుప్పట్లు చాలలేదు. ఆ గుడ్డ తీసి కప్పింది నేనే. పడకలోనే అన్నీ అయిపోయేవి. ఎంత తుడిచినా గుడ్డకు మరకలు పట్టినాయి. వారం దినాలు అట్ల ఉన్నాడు. ఒక పొద్దున అమ్మ గంజి తాగించబోతే నోట్లోకి పోలేదు. అమ్మ చెంచా కింద పెట్టి నన్ను పిలిచింది.

ఆ దినమే నాయనను మట్టి చేసి వచ్చినారు. ఇంట్లో జనం. నాకు గుడ్డ గుర్తుకు రాలేదు. మూడోనాడు మంచం కిందికి వంగి చూసినాను, లేదు. అమ్మ పడసాలలో బియ్యం ఏరతా ఉండాది.

"గుడ్డ యాడమ్మా?"

"ఏ గుడ్డ?"

"నాయనది."

అమ్మ తలెత్తకుండా, "పక్కబట్టలన్నీ చాకలామెకిచ్చేసినాం గదా. దాంట్లో పోయిండాల" అనింది.

"అది పక్కబట్ట కాదు గదమ్మా."

"ఆఖరికి కప్పింది దాన్నే గదా. అంతా పాడైపోయి ఉండె."

చాకలామె ఇల్లు నీవా ఏటి ఒడ్డున. చెప్పులు గూడా వేసుకోకుండా పోయినాను. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. ఇంట్లో మనిషి పోయినోళ్లు మూడో దినమే వాకిలి దాటి రాకూడదు.

"బొమ్మలుండే బొంత ఒకటి వచ్చిందా?" అని అడిగినాను.

"వచ్చింది తల్లీ. మంచి దుప్పట్లు రెండు ఉతికి పెట్టుకున్నాను. బొంత మరకలు పోవు, రోగం బట్ట, ఇంట్లో పెట్టుకోగూడదని ఏట్లోనే కాల్చేసినాము. నా కోడలు ఆ బొమ్మలు సూసి, ఎవరో సిన్నబిడ్డ కుట్టినట్టుండాదే అనింది. కావాల్సింది అని ఒక మాట సెప్పింటే తీసి పెట్టిందును గదా."

ఏట్లోకి పోయి చూసినాను. నీళ్లు ఒక పక్క సన్నగా పారతా ఉన్నాయి. ఇసకలో నల్లగా మాడిన చోటు కనబడింది. కాలితో కదిలించినాను. పత్తి మాడిన ఉండలు. ఒక్క పోగు గూడా రంగు తెలిసేటట్టు లేదు. అక్కడ ఎంతసేపు నిలబడినానో, మామ వెతుక్కుంటా వచ్చి తీసుకుపోయినాడు.

అమ్మ తెలిసే ఇచ్చిందా, తొందరలో ఇచ్చేసిందా అని నేను అడగలేదు. ఆమె ఆ తర్వాత చాలా ఏండ్లు బతికింది. ఏనాడూ ఆ గుడ్డ మాట ఎత్తలేదు. అడిగితే ఏం చెబుతుందో అని నాకు భయం. తెలిసే ఇచ్చినానని చెబితే నేను ఆమెను ఏమనగలను? అది గుండీ అన్నప్పుడు ఆమె మొగం నేను చూసి ఉన్నాను.

కర్మలైనాక ఒక గీతల నోటుబుక్కు కొని, గుడ్డ మీద ఏమేముండెనో రాయడానికి కూర్చున్నాను. టీ గ్లాసు, రాయి, మేక కొమ్ములు, బిందె. మొదటి దినం గబగబా ముప్పై దాకా వచ్చినాయి. తర్వాత తలుచుకుంటే ఒకటీ రెండూ. తొంభై కాడ ఆగిపోయింది. నాలుగొందలకు పైన ఉండె ముక్కలు. మిగిలినవన్నీ మరీ చిన్నవి. మర్చిపోకుండా ఉండాలనే ఆయన కుట్టింటాడు. మర్చిపోయినాను. రాసినదాంట్లో గూడా కొన్ని ఆయన కుట్టినవో, నేను ఊహించుకున్నవో తెలియకుండా పోయింది. పసుపు గీతతో కుట్టిన ఎండ గురించి నమ్మకంగానే చెబుతాను గానీ, అది గోడ మీది ఎండో, పొద్దుతిరుగుడు పూరేకో ఒక్కోసారి అనుమానం వస్తుంది. నోటుబుక్కు మూసేసి మళ్లీ తెరవలేదు.

మామ తిరుపతి పోయి నా ట్రంకు పెట్టె తెచ్చినాడు. హాస్టలోళ్లు దాన్ని మెట్ల కింద పెట్టి ఉంటే చెద పట్టింది. పుస్తకాలు ముట్టుకుంటే పొడి రాలింది. బట్టలు గూడా కట్టుకునేటట్టు లేవు. పెట్టెను అమ్మ ఎండలో దులిపి ఇడ్లీ బియ్యం పోసుకోవడానికి పెట్టుకుంది.

ఆ ఎండాకాలం మామ నన్ను బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీలో పనికి చేర్చినాడు. కుళ్లిన కాయలు ఏరి పక్కన పడేసే పని. పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రం వచ్చేదాన్ని. మామిడి సొనకు వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయేది. ఇంటికొచ్చేసరికి అమ్మ పిండి రుబ్బతా ఉండేది. నేను కాళ్లు కడుక్కుని ఆమె చేతిలోంచి పొత్రం తీసుకునేదాన్ని. సంగటి తినేవాళ్లం, చెంబు నీళ్లు తాగేవాళ్లం, ఎవరి చాప వాళ్లు పరుచుకునేవాళ్లం. ఈ దినం ఏమైందని ఆమె నన్ను అడిగేది కాదు, నేనూ ఆమెను అడిగేదాన్ని కాదు.